కుంట చుట్టూ ఎట్లా నడవాలి?

ఈ నెల గోడపత్రికలో సామాన్య శాస్త్రం మూల నాకు ఇచ్చారు. పోయిన నెల గుండె గురించి, అంతకు ముందు నెల గ్రహణముల గురించి వచ్చింది. నేను కుంట గురించి రాస్తున్నాను. ఎందుకంటే వచ్చే ఆదివారం శ్రమదానంలో మన హాస్టల్ వెనుక కుంట గట్టు మొత్తం శుభ్రం చేయాలని, జమ్ము అంతా కోసేయాలని నోటీసు బోర్డు మీద పెట్టారు. కొడవళ్లు పట్టుకునే ముందు అందరూ ఇది ఒకసారి చదవాలని నా కోరిక.

పట్నంలో పార్కుల్లో కొలను ఉంటే దాని చుట్టూ నడవడానికి బాట వేస్తారు. దాన్ని నేచర్ ట్రెయిల్ అంటారు. అనగా చెట్లను, పిట్టలను, పురుగులను చూసుకుంటూ నడిచే బాట. మనకు నవ్వొస్తది. నీళ్లకు పోయే దారి, పశువులు తోలుకుపోయే దారి, ఇప్పపూలు ఏరుకునే దారి అన్నీ అట్లాంటివేగదా! కానీ పట్నంలో ఒక కొలను మిగలడమే కష్టం, దాని ఒడ్డు మిగలడం ఇంకా కష్టం. అందుకని మిగిలినదాన్ని వాళ్లు బాట వేసి కాపాడుకుంటారు. ఆ బాట ఎట్లా వేశారో చూస్తే మనకూ పనికొచ్చే సంగతులు ఉన్నాయి.

జనవరిలో సైన్స్ ఫెయిర్ కు హైదరాబాద్ పోయినప్పుడు మా సైన్స్ మేడం మా నలుగురిని పొద్దున్నే లోటస్ పాండ్ కు తీసుకుపోయారు. ఇది బంజారాహిల్స్ లో ఎమ్మెల్యే కాలనీ మధ్య ఉన్న చిన్న కొలను. చుట్టూ నడిచే బాట ఒక కిలోమీటరు పైచిలుకు ఉంటది. 1998లో జాతీయ పార్కు అయిన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు కూడా అక్కడికి ఎంతో దూరం కాదు. కొలను పక్కన పెద్ద పెద్ద గుండ్రాళ్లు ఉన్నాయి. హైదరాబాద్ గ్రానైటు రాళ్ల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరములు అని మేడం చెప్పారు. అంత పాత రాయి మీద కూర్చొని నేను ఇడ్లీ తిన్నాను.

పేరు లోటస్ పాండ్ అయినా మేం పోయిన రోజు నాకు ఒక్క తామరపువ్వు కూడా కనబడలేదు. చలికాలంలో తామర ఆకులు ఎండి నీళ్లలోకి వాలిపోతాయి. దుంప మాత్రం బురదలో బతికే ఉంటది. మళ్లీ ఎండలు ముదిరే నాటికి చిగురిస్తది. ఇది తెలియక కొందరు తామర చచ్చిపోయింది అనుకుంటారు.

అక్కడ నడిచేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎక్కువమంది షుగర్ కోసం, బరువు తగ్గడం కోసం నడుస్తారట. చేతులు ఊపుకుంటూ జోరుగా పోతారు, కొలను వైపు చూడరు. మేం ఒకచోట నిలబడి ఉంటే ఒక తాత ఆగి, "ఏం చూస్తున్రమ్మా అంతసేపు?" అని అడిగాడు. "తాతా, ఆ రాయి పక్కన కొంగ ఉంది" అని చూపించాను. ఆయనకు చాలాసేపు కనబడలేదు. అది గుడ్డికొంగ. కూర్చుంటే మట్టి రంగు, గీతలు గీతలుగా ఉంటది, బురదలో కలిసిపోతది. లేచి ఎగిరితే రెక్కలు తెల్లగా మెరుస్తాయి. అది ఎగిరినాక తాత, "ఇరవై ఏండ్ల సంది ఇదే బాటల నడుస్తున్న, ఎన్నడు చూడలే" అన్నాడు. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. ఆ రోజు నుంచి ఆయన రౌండ్లు తగ్గినాయేమో, డాక్టరు కోప్పడ్డాడేమో తెలియదు.

కనుక నడక పద్ధతి ముందు చెప్తాను. కొలను చుట్టూ ఒక కిలోమీటరు నడవడానికి మాకు గంటన్నర పట్టింది. పొద్దున పూట అయితే తూర్పు గట్టు మీద నిలబడి పడమటి వైపు చూడాలి. సూర్యుడు మన వీపు వెనుక ఉంటాడు కనుక పిట్టల రంగులు తెలుస్తాయి. ఎండకు ఎదురుగా చూస్తే అన్నీ నల్లగా కాకుల్లాగే కనబడతాయి. పది అడుగులు వేసి ఆగాలి. గడియారం లేకపోతే మనసులో 200 వరకు లెక్కపెట్టాలి. మనం రాగానే దాక్కున్నవి 100 దాటినాక బయటికి వస్తాయి. మా తాత అడవిలో ఇట్లాగే ఆగుతాడు, కాకపోతే ఆయన లెక్కపెట్టడు. ఎరుపు, పసుపు బట్టలు వద్దు. మన యూనిఫారం రంగు పరవాలేదు. ఇద్దరు లేక ముగ్గురు పోవాలి, ఒక్కరే పోకూడదు, నీళ్లలోకి అసలు దిగకూడదు. నోట్సులో పేరు తెలియకపోతే బొమ్మ వేయాలి. ముక్కు ఎట్లా ఉంది, కాళ్లు ఎంత పొడుగు, తోక ఊపుతుందా లేదా అనేది రాస్తే చాలు, పేరు తర్వాత మేడంను అడగవచ్చును.

ఇక కొలనులో ఏం చూడాలి? నీళ్లన్నీ ఒకటే అనుకుంటాం గానీ ఒడ్డు నుంచి నడుమ దాకా వరుసలు వరుసలుగా వేరు వేరు ఇళ్లు ఉన్నట్టు ఉంటది. (పక్కన నేను రంగు పెన్సిళ్లతో వేసిన బొమ్మ చూడండి. ఆకుపచ్చ అయిపోయినందున జమ్ముకు నీలం వేశాను.)

మొదటి వరుస గట్టు మీది చెట్లు. తుమ్మ, కానుగ, ఈత లాంటివి. నీళ్ల మీదికి వంగిన కొమ్మ మీద లకుముకి పిట్ట కూర్చొని చేపకోసం చూస్తది. నలుపు తెలుపు లకుముకి మాత్రం కొమ్మ మీద కూర్చోకుండా, గాలిలో ఒకేచోట రెక్కలు ఆడిస్తూ నిలబడి, తల కిందికి పెట్టి బాణంలాగా దూకుతది. లోటస్ పాండ్ లో మేం దాన్ని చూశాం. మూడుసార్లు దూకితే ఒకసారి చేప దొరికింది. గిజిగాడు కూడా గూడును నీళ్ల మీదికి వేలాడే కొమ్మకే కడతది, పాము, పిల్లి అందుకోకుండా. కట్టేది మగపిట్ట, బాగుందా లేదా అని చూసి ఒప్పుకునేది ఆడపిట్ట.

రెండవ వరుస జమ్ము, తుంగ. వేర్లు నీళ్లలో, ఆకులు బయట. దీని గురించే మన గొడవ కనుక తర్వాత వివరంగా రాస్తాను.

మూడవ వరుస తేలే ఆకులు. తామరకు, కలువకు తేడా తెలియనివాళ్లు మన క్లాసులోనే ఉన్నారు. కలువ ఆకు నీటి మీద పరుచుకొని ఉంటది, ఒక పక్క చీలిక ఉంటది. తామర ఆకు గుండ్రంగా ఉంటది, చీలిక ఉండదు, కాడ ఆకు నడుమ అతుక్కొని ఉంటది, చాలా ఆకులు నీళ్ల పైకి లేచి గొడుగులాగా నిలబడతాయి. మామూలు ఆకులకు పత్రరంధ్రములు ఎక్కువగా కింది వైపు ఉంటాయని చదివాం. తేలే ఆకులకు కింద నీళ్లు ఉంటాయి కనుక పై వైపు ఉంటాయి. తామర తూడు విరిచి చూడండి, లోపల గొట్టాల లాంటి రంధ్రములు కనబడతాయి. బురదలో గాలి ఉండదు కనుక ఆకు నుంచి దుంపకు గాలి ఆ దారిలోనే పోతది.

ఈ ఆకుల మీదనే జకానా అనే పిట్ట నడుస్తది. కాలివేళ్లు చాలా పొడుగు. బరువు అంతా ఆ వేళ్ల మీద పరుచుకుంటది కనుక ఆకు మునగదు. పరుపు మీద పడుకుంటే లోపలికి పోం, కాలిమడమతో తొక్కితే దిగిపోతది, అట్లాంటిదే. జకానాలో గుడ్లు పొదిగేది, పిల్లలను సాకేది తండ్రి. తల్లి గుడ్లు పెట్టి ఇంకో మగపిట్ట దగ్గరికి పోతది. అపాయం వస్తే తండ్రి పిల్లలను రెక్కల కింద పెట్టుకొని లేచిపోతాడు. అప్పుడు రెక్క కింద నుంచి పిల్లల కాళ్లు వేలాడతాయి. ఈ సంగతి చదివి వినిపిస్తే మా రూములో అందరూ ఒక్కసారే నవ్వారు, ఒక పిల్ల మాత్రం నవ్వలేదు.

నాల్గవది మునిగి ఉండే మొక్కలు. హైడ్రిల్లా మనకు తెలుసు, కిరణజన్య సంయోగక్రియ ప్రయోగంలో గరాటు కింద పెట్టి బుడగలు చూశాం. కుంటలో ఎండ బాగా కాసినప్పుడు అదే ప్రయోగం గరాటు లేకుండా జరుగుతది. రాత్రి ఎండ లేదు కనుక ఆక్సిజన్ తయారు కాదు, కానీ మొక్కలు, చేపలు అన్నీ ఊపిరి పీల్చుకుంటూనే ఉంటాయి. అందుకే తెల్లవారక ముందు నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. పొద్దున్నే చేపలు పైకి వచ్చి నోరు తెరిచి ఆడిస్తుంటే ఆడుకుంటున్నాయని అనుకోవద్దు, ఊపిరాడక అట్లా చేస్తాయి. పట్నం వాళ్లు పుణ్యం కోసం బ్రెడ్డు, బొరుగులు విసురుతారు. తినకుండా మిగిలినవి కుళ్లుతాయి, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఆ ఉన్న ఆక్సిజన్ కూడా వాడుకుంటాయి. మురుగు నీళ్లు వచ్చి కలిస్తే ఇంకా అన్యాయం. నీళ్లు చిక్కటి ఆకుపచ్చ అవుతాయి, లేదా గుర్రపుడెక్క అల్లుకుంటది. అది మన దేశపు మొక్క కాదు, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. నీళ్లను మొత్తం మూసి అడుగుకు వెలుగు పోనీయదు. దాన్ని పీకేయాల్సిందే, అందులో నాకు వాదన లేదు.

నడుమ ఖాళీ నీళ్లలో బుడుబుంగ ఉంటది. చూస్తుండగానే మునిగి ఇంకోచోట లేస్తది. ఎక్కడ లేస్తదో పందెం వేసుకోండి, ఎప్పుడూ ఓడిపోతారు.

ఇప్పుడు జమ్ము సంగతి. ఆ ట్రిప్పులోనే ఇంకో కొలను కూడా చూశాం. పేరు రాయను. దాని ఒడ్డు చుట్టూ నిట్టనిలువుగా రాతిగోడ కట్టారు, గడ్డి ఒక్క పోచ లేకుండా చేశారు, రంగు లైట్లు పెట్టారు. చూడడానికి చాలా నీటుగా ఉంది. మూడు రకాల పిట్టలు కనబడ్డాయి, అందులో ఒకటి కాకి. లోటస్ పాండ్ లో ఒక చుట్టుకు పదకొండు రకాలు రాసుకున్నాను. అక్కడ బాట కొన్నిచోట్ల నీళ్ల దగ్గరికి వస్తది, కొన్నిచోట్ల చెట్లు అడ్డం వస్తాయి. ఆ మరుగు ఉన్నచోటే నీటికోడి బయటికి వచ్చి తిరుగుతుంది. ఎర్రటి నుదురు, నడిచినప్పుడల్లా తోక ఎగరేస్తది, తోక కింద తెలుపు.

రెండు కొలనులలోనూ నీళ్లు ఉన్నాయి. తేడా ఒడ్డులోనే ఉంది. మట్టి ఒడ్డు ఏటవాలుగా ఉంటే చీలమండ లోతు, మోకాలి లోతు, నడుము లోతు అన్నీ ఉంటాయి. కొంగకు చీలమండ లోతు కావాలి, బుడుబుంగకు లోతు నీళ్లు కావాలి. తోకకప్ప కప్ప అయినాక గట్టు ఎక్కాలి. నిలువు గోడ అయితే ఎక్కడ ఎక్కుతది? జమ్ములో పిట్టలు గూడు పెడతాయి, చేపపిల్లలు దాక్కుంటాయి, ఒడ్డు మట్టి కొట్టుకుపోకుండా వేర్లు పట్టుకుంటాయి. కుంట ప్రాణం నడుమ నీళ్లలో కంటే ఒడ్డులోనే ఎక్కువ ఉంటదని నాకు అనిపించింది.

"ఇదంతా సరే, దోమల సంగతేంటి?" అని వార్డెన్ మేడం గారు అడుగుతారు. అడగాల్సిన మాటే. మన ఏజెన్సీలో చలిజ్వరం అంటే ఆట కాదు. పోయిన వానాకాలంలో మన హాస్టల్లో ఎంతమంది దుప్పటి కప్పుకొని వణికారో అందరికీ తెలుసు. మలేరియా క్రిమి దోమలో ఉంటదని కనిపెట్టింది కూడా మన దగ్గరే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపును సూక్ష్మదర్శినిలో చూసి కనిపెట్టాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పటికీ ఆగస్టు 20ని దోమల దినం అంటారు.

దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వేడి రోజుల్లో వారం, పది రోజులు చాలు. ఆ రోజులన్నీ నీళ్లలోనే గడుస్తాయి. కనుక మా మేడం అనుమతితో నేను, ఇంకో ఇద్దరం తెల్ల పళ్లెం, గరిటె తీసుకొని నడిచాం. గరిటెతో నీళ్లు ముంచి తెల్ల పళ్లెంలో పోస్తే పురుగులు స్పష్టంగా కనబడతాయి. నీటి పైపొర కింద బల్లపరుపుగా పడుకొని ఉంటే అది అనాఫిలిస్ పిల్ల, మలేరియా దోమ. తల కిందికి పెట్టి ఏటవాలుగా వేలాడుతుంటే క్యూలెక్స్ లాంటిది, బోదకాలు దోమ. డెంగ్యూ దోమ పిల్ల కూడా వేలాడుతది, కానీ అది కుంటలో కాదు, డబ్బాల్లో, టైర్లలో, కొబ్బరి చిప్పల్లో నిలిచిన నీళ్లలో పుడుతది.

మా లెక్క ఇది. కుంటలో జమ్ము అంచున పది గరిటెలు ముంచితే రెండు పురుగులు వచ్చాయి. ఆ పళ్లెంలోనే చిన్న చేపపిల్లలు నాలుగు, తూనీగ పిల్ల ఒకటి ఉన్నాయి. తూనీగ పిల్ల నీళ్లలోనే పెరుగుతది, చూడడానికి వికారంగా ఉంటది, కింది పెదవి చేయిలాగా ముందుకు చాపి దోమ పిల్లలను పట్టుకు తింటది. పెద్దయినాక జమ్ము కాడ ఎక్కి, వీపు చీల్చుకొని, తూనీగ అయి ఎగిరిపోతది. అప్పుడు కూడా దోమలనే తింటది. మన జమ్ము కాడలకు ఎండిన పొట్టులు అంటుకొని ఉన్నాయి, పోయి చూడండి. జమ్ము మొత్తం కోస్తే అది ఏం పట్టుకొని ఎక్కాలి?

పశువులు దిగే రేవు దగ్గర గిట్టల గుంటల్లో నిలిచిన నీళ్లు ముంచితే ఒక్క గరిటెకు ఎనిమిది, తొమ్మిది వచ్చాయి, బల్లపరుపుగా పడుకున్నవి. ఆ చిన్న గుంటల్లోకి చేప రాలేదుగదా. బాత్రూముల వెనుక సిమెంటు తొట్టి దగ్గరికి పోయినప్పుడు లెక్కపెట్టడం మానేశాం. వంటగది పక్కన పగిలిన కుండలో, షెడ్డు మీది టైరులో కూడా ఉన్నాయి. ఎవరినీ అనడానికి రాయడం లేదు, పళ్లెంలో కనబడింది రాస్తున్నాను. జమ్ము మరీ దట్టంగా ఉండి చేపలు దూరలేకపోతే అక్కడా దోమలు పెరుగుతాయి, అది కూడా నిజమే. అందుకని అస్సలు కోయొద్దు అని నేను అనను.

పాముల భయం రెండవది. కుంటలో మనకు ఎక్కువగా కనబడేది నీరుకట్టు పాము, దానికి విషం లేదు. కానీ ఏ పాము ఏదో చీకట్లో ఎవరు చెప్పగలరు? కనుక మనం నడిచే దారి పక్కన గడ్డి పొట్టిగా కోయాలి, పగలే పోవాలి, కర్రతో తడుముకుంటూ పోవాలి. ఎలుకలు ఉన్నచోటికి కట్లపాము వస్తది, ఎలుకలు అన్నం పారేసే చోటికి వస్తాయి. ఆ చోటు కుంట అవతలి గట్టు కాదు, మన చేతులు కడిగే చోటు.

ఇప్పుడు నా విన్నపం. మెట్ల వైపు, బట్టలు ఉతికే బండల వైపు జమ్ము కోద్దాం. దట్టంగా ఉన్నచోట చేపలు దూరేటట్టు మధ్య మధ్యలో పాయలు తీద్దాం. గిట్టల గుంటలు మట్టితో పూడుద్దాం. తొట్టి వారానికి ఒకసారి ఖాళీ చేసి, తోమి, ఎండబెడదాం. టైరు, కుండ తీసేద్దాం. చింతచెట్టు నుంచి పడమటి గట్టు చివర దాకా మాత్రం ఇప్పుడు ముట్టుకోవద్దు. నీటికోడి, జకానా వానాకాలంలోనే గుడ్లు పెడతాయి. రాత్రిపూట వానలో "క్ర్వాక్ క్ర్వాక్" అని ఆగకుండా అరిచి మనల్ని నిద్రపోనీయనిది తెల్ల రొమ్ము నీటికోడి, అది ఆ జమ్ములోనే ఉంది. ఆ పక్కనే కలువ ఆకుల మీద సోమవారం జకానా నాలుగు గుడ్ల మీద కూర్చొని ఉండగా చూశాను. గుడ్లు గోధుమ రంగు, మీద నల్ల సిరాతో పిచ్చిగీతలు గీసినట్టు ఉన్నాయి. కూర్చున్నది తండ్రి. వానలు తగ్గి పిల్లలు ఎగిరినాక ఆ గట్టు కూడా కొంత కొంత కోసుకోవచ్చును.

వార్డెన్ మేడం గారు ఒప్పుకుంటే శనివారం సాయంత్రం ఆటల పీరియడ్ లో సైన్స్ మేడంతో కలిసి కుంట చుట్టూ ఒకసారి నడుద్దాం, ఎక్కడ కోయాలో ఎక్కడ వద్దో కర్రలు పాతి గుర్తు పెడదాం. సాయంత్రం కనుక పడమటి గట్టు నుంచి తూర్పుకు చూడాలి, కానీ గూడు ఉన్నచోట ఆగకుండా దూరంగా దాటిపోవాలి. తెల్ల పళ్లెం వంట అక్క ఇస్తానంది, కడిగి ఇవ్వాలట. ఎనిమిది మందికి మించి వద్దు. వచ్చేవాళ్లు ఈ కాగితం కింద వదిలిన ఖాళీలో పేరు, తరగతి రాయండి. పెన్ను దారంతో కట్టి పెట్టాను.